అల్లుడికి కనబడని బూట్లు

మా గది ముందు వరండాలో సోఫా ఒకటి వచ్చి కూర్చుంది. మనుషులు కూర్చోవాల్సిన వస్తువు తనే వచ్చి కూర్చోవడమేమిటని అడగొచ్చు. దాన్ని చూసిన వాళ్ళెవరికైనా అలాగే అనిపించేది. ముదురు ఎరుపు రంగు, బలిసిన చేతులు, ఒంటినిండా ప్లాస్టిక్ కవరు. భోజనానికి ఎప్పుడు లేపుతారా అని వంటింటి వైపు చూసే చుట్టంలా, పొద్దస్తమానం మా తలుపు వైపే చూస్తూ ఉండేది.

ఆ తలుపు లోపల నేను ఏడో తరగతి పిల్లలకి రోబోలు చెయ్యడం, వాటికి కోడ్ రాయడం నేర్పుతాను. అంతకు ముందు అది సామాన్ల గది. విరిగిన బల్లలు, చెదలు తిన్న మ్యాపులు, నాటకాల తాలూకు అట్ట కిరీటాలు ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన రోజు హెడ్‌మిస్ట్రెస్ తాళంచెవి నా చేతిలో పెట్టి, "బాగు చేసుకుంటే మీదే మాష్టారూ" అన్నారు. బాగు చేసుకున్నాను. బాగుపడ్డాక అది అందరి కళ్ళలోనూ పడింది.

ఛైర్మన్ గారి కళ్ళలో కూడా. స్కూలు ఆయనది. పిల్లల కోసం వచ్చే తల్లిదండ్రులు ఎండలో నిలబడుతున్నారని, వాళ్ళకో గది ఉండాలని ఆయనకి తోచింది. ఆలోచన మంచిదే. కాకపోతే ఆయన సోఫా ముందు కొని, గది తరవాత వెతికారు. పెళ్ళికొడుకు బట్టలు కుట్టించేసి, ఆ కొలతలకి సరిపడే కుర్రాడి కోసం తిరిగినట్టు.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి విషయం చెప్పారు. ఆవిడ చెడ్డ కబురు కూడా టైంటేబుల్ చదివినట్టే చదువుతారు.

"శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఛైర్మన్ గారు వస్తారు. మీ పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆయన ముందు చేసి చూపించాలి. ఆయనకి నచ్చితే గది మీది. నచ్చకపోతే సోఫా లోపలికి, మీరు బయటికి."

"బయటికంటే, మేడం?"

"గది లేకపోతే క్లాసు లేదు. క్లాసు లేకపోతే మాష్టారెందుకు చెప్పండి?"

బయటికంటే ఎక్కడికో మాత్రం నాకు బాగా తెలుసు. మా బావ టైర్ల షాపుకి.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. నా పట్టాని అమ్మ ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించింది. ఇంటికెవరొచ్చినా ముందు దాన్ని చూపించి, ఆ తరవాతే మంచినీళ్ళిస్తుంది. "మావాడు ఇంజినీరు" అని గట్టిగా చెబుతుంది. "ఎక్కడమ్మా పని?" అని అడిగితే మాత్రం గొంతు తగ్గించి, "ఇక్కడే, స్కూల్లో" అంటుంది. నేను పిల్లలతో బొమ్మలు చేయిస్తానన్న సంగతి పక్కింటి వాళ్ళకి తెలియకుండా ఎంత దాచిందో, జబ్బు చేసిన సంగతైనా అంత దాచదు.

బావ, అంటే మా అక్క మొగుడు, మంచివాడు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే కాదనడం తేలిక. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా అదే మాట.

"ఏమోయ్, ఎన్నాళ్ళు ఈ బొమ్మల కొలువు? నీ దగ్గరా చక్రాలే, నా దగ్గరా చక్రాలే. నావి కాస్త పెద్దవి, అంతే తేడా. కౌంటర్లో కూర్చో. ఫ్యానుంది, కుర్చీ ఉంది, వెనక్కి వాలుతుంది కూడా."

"అల్లుడుగారు నీ మంచికే చెబుతున్నారురా" అనేది అమ్మ, ఆయన కంచంలోకి ఇంకాస్త వడ్డిస్తూ.

ఒక్క మనిషి మాత్రం నా పక్షం. అక్క కూతురు. అది నా క్లాసులోనే చదువుతోంది. ఇంట్లో "మామయ్యా" అంటుంది, స్కూల్లో "సార్" అంటుంది, కంగారులో ఉంటే "మామయ్యసార్" అంటుంది. క్లాసులో దాన్నందరూ జడ్జి అని పిలుస్తారు. ఎవరి రోబో బండి ఎందుకు ఆగిందో పక్కన నిలబడి తీర్పు చెప్పేస్తుంది. తీర్పు చాలాసార్లు సరైనదే కావడంతో ఎవరికీ గిట్టదు.

నా పద్ధతి ఒకటే. బోర్డు మీద రాసేది తక్కువ, చేతులతో చేయించేది ఎక్కువ. మొదటి రోజు నేనే రోబోనవుతాను. పిల్లలు ఏం చెబితే అదే చేస్తాను, చెప్పనిది చెయ్యను. "సార్, నడవండి" అన్నారు ఈ ఏడాది పిల్లలు. నడిచాను. గోడ వచ్చింది. "ఆగు" అని ఎవరూ చెప్పలేదు కాబట్టి గోడకి ముక్కు ఆనించి నడుస్తూనే ఉన్నాను. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అటుగా పోతున్న లెక్కల మాష్టారు కిటికీలోంచి చూసి, ఆ రోజు మధ్యాహ్నం నాకు ఎంతో మెల్లగా, "ఇంట్లో అంతా బాగేనా?" అని పరామర్శించారు.

ఇంకో సూత్రం కూడా ఉంది. బండి తప్పు చేస్తే తిట్టకూడదు, తన్నకూడదు. అది ఏం చూసిందో అడగాలి. మనం చూసింది వేరు, అది చూసింది వేరు. తగువంతా ఆ రెంటి మధ్యే ఉంటుంది.

శనివారానికి ఏం చూపించాలో పిల్లలే తేల్చారు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషికి మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చే బండి. అడుగున చెక్కపలక, రెండు మోటార్లు, పైన పళ్ళెం, పళ్ళెంలో గ్లాసు పట్టేంత గుంట. నేల మీద తెల్లటి షీటు పరిచి, దాని మీద నల్ల టేపు అంటిస్తే, ఆ గీత పట్టుకుని బండి నడుస్తుంది. గీత చూడ్డానికి పొట్ట కింద రెండు కళ్ళు, ఎదురుగా మనిషి కాళ్ళు చూడ్డానికి ముందు ఒక కన్ను. కళ్ళంటే సెన్సర్లు. మనకి కనబడని వెలుగుని పంపిస్తాయి. ఆ వెలుగు దేనికైనా తగిలి తిరిగొస్తే, అక్కడ ఏదో ఉందని తెలుసుకుంటాయి. తెలుపు మీద పడితే తిరిగొస్తుంది. నలుపు మీద పడితే రాదు, నలుపు మింగేస్తుంది.

ఇది చెప్పిన రోజున వెనక బల్ల నుంచి ఒకడు లేచాడు. వాడి పేరు తాతయ్య. వయసులో అందరికంటే చిన్నవాడు, మాటలు మాత్రం పింఛను పుచ్చుకునే మనిషివి.

"అంటే నలుపు మా బాబాయి లాంటిది సార్. పుస్తకం ఇచ్చాను, రాలేదు. గొడుగు ఇచ్చాను, రాలేదు. ఇచ్చింది తిరిగొచ్చే మనిషి కాదాయన."

అంతే, ఆ రోజు నుంచి మా గదిలో నలుపుకి బాబాయి అని పేరు. "గీత బాబాయి ఎడంపక్క చిరిగాడు సార్, ఇంకో బాబాయిని అంటించాలి" అనేవాళ్ళు. నేను దిద్దలేదు. నా చదువులో నాకు పాఠాలు ఇంత బాగా గుర్తుండలేదు.

బండికి కూడా పేరు పడింది. అల్లుడు. బతిమాలితే గానీ కదలదు, చిన్న మడత తగిలినా అలిగి ఆగిపోతుంది, ఎంత బ్యాటరీ పెట్టినా చాలదు. హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ పేరు నచ్చలేదు. ఆవిడ అట్టమీద 'జలమిత్ర' అని రాయించి పళ్ళేనికి కట్టించారు. పిల్లలు అట్ట కట్టనిచ్చారు, అల్లుడనడం మానలేదు. మా బావ వినకుండా చూసుకునే పూచీ నాది.

మా గదికి ఒక కట్టుబాటు ఉంది. బూట్లు బయట విప్పాలి. మట్టి పడితే తెల్ల షీటు మాసిపోతుంది, షీటు మాస్తే అల్లుడికి చూపు మందగిస్తుంది. అందుకని పిల్లలు వరండాలో ఒంటికాలి మీద గెంతుతూ, గోడ పట్టుకుని, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని విప్పేవాళ్ళు. సోఫా మీద కూర్చోకూడదని హెడ్‌మిస్ట్రెస్ ఆజ్ఞ. దాని ఎదురుగా కొంగల్లా గెంతడమే.

అల్లుడు కుదురుకోవడానికి చాలా రోజులు పట్టింది. మొదట్లో గీత వదిలేసి కిటికీ కింద ఎండలోకి పోయేవాడు. తరవాత గీత పట్టుకున్నాడు గానీ కాళ్ళ దగ్గర ఆగకుండా మీదికి ఎక్కేవాడు. జడ్జి స్క్రూడ్రైవరు పుచ్చుకుని ముందు కన్నుని కాలివేళ్ళ ఎత్తుకి దించింది. అప్పుడు ఆగాడు, జానెడు దూరంలో, ఎంతో మర్యాదగా. ఆగగానే తాతయ్య గొంతు వినబడేలా రికార్డు చేసి పెట్టారు: "దయచేయండి. మంచినీళ్ళు పుచ్చుకోండి. మొహమాటపడకండి."

పిల్లలంతా వంతులవారీగా కుర్చీలో పెద్దమనిషిలా కూర్చుని నీళ్ళు తాగారు. ఆ వారం వాళ్ళు తాగిన నీళ్ళకి మిగతా టీచర్లు నా మీద ఫిర్యాదు చేశారు, క్లాసు మధ్యలో ఏడో తరగతి మొత్తం బయటికి పరిగెడుతోందని.

శుక్రవారం సాయంత్రం హాల్లో షీటు పరిచి రిహార్సల్ చేశాం. చెప్పకపోయినా పిల్లలు అలవాటు కొద్దీ హాలు గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశారు. నేనూ విప్పాను. అల్లుడు ప్రతి కాలి ముందూ ఆగాడు. ఎక్కడా పొరపాటు లేదు. ఆ సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ నుంచి సర్క్యులర్ వచ్చింది: ఛైర్మన్ గారు వస్తున్నందున రేపు అందరూ నల్ల బూట్లు, బాగా పాలిష్ చేసినవి, తప్పక వేసుకురావాలి. నేను మాట జవదాటే మనిషిని కాను. మర్నాడు పొద్దున్నే పాలిష్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి, మెరుపు తగ్గిన బూటునల్లా దగ్గరుండి తుడిపించాను.

హాలు నిండింది. మూడో వరసలో అక్క, బావ. బావ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, పెళ్ళి వీడియో తీసేవాడిలా. ముందు కుర్చీలో ఛైర్మన్ గారు. పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉంటారు. మాట ఖర్చు పెట్టడం ఆయనకి ఇష్టం ఉండదు. ఆయన బూట్లలో పైన తిరుగుతున్న ఫ్యాను కనబడుతోంది.

"మొదలుపెట్టండి" అన్నారు.

జడ్జి స్విచ్ వేసింది. అల్లుడు కదిలాడు. గీత వంపు తిరిగిన చోట తనూ వంపు తిరిగాడు. హాల్లో ఎవరో "అబ్బో" అన్నారు. గ్లాసులో నీళ్ళు తొణకలేదు. బూట్లు ఇంకా బారెడు దూరం. మూరెడు. జానెడు. ఇక్కడ ఆగాలి.

ఆగలేదు.

వెళ్ళి బూటు ముక్కుని ఢీకొట్టాడు. కొట్టి, ఇంకా ముందుకు తోశాడు. ఛైర్మన్ గారు పెద్దమనిషి కాబట్టి దారి ఇస్తున్నట్టు కాలు వెనక్కి తీసుకున్నారు. అల్లుడు ఆ మర్యాదని అలుసుగా తీసుకుని రెండో బూటు మీద పడ్డాడు. గ్లాసు పల్టీ కొట్టింది. నీళ్ళు పంట్లాము అంచు మీంచి బూటులోకి చల్లగా దిగాయి. ఆయన రెండు కాళ్ళూ పైకెత్తేశారు. అల్లుడు కుర్చీ కిందికి దూరి, గీత కనబడక గిర్రున తిరిగి, ఎత్తిన ఆ కాళ్ళ కింద చక్కర్లు కొట్టడం మొదలుపెట్టాడు.

హెడ్‌మిస్ట్రెస్ పరుగున వచ్చి, వంగి, అడ్డంగా చెయ్యి పెట్టారు. అల్లుడు ఠక్కున ఆగాడు.

"దయచేయండి. మంచినీళ్ళు పుచ్చుకోండి. మొహమాటపడకండి."

ఖాళీ పళ్ళెం. హాలు ఘొల్లుమంది. అందరి నవ్వులకీ పైన మా బావ నవ్వు విడిగా వినబడింది. నాకు సోఫా కళ్ళ ముందు కదిలింది, కవరు విప్పుకుని గదిలోకి నడుస్తున్నట్టు.

నేను ముందుకెళ్ళి, "క్షమించండి సార్, ఏదో వైరు వదులైనట్టుంది" అంటూ స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఆపకండి మామయ్యసార్" అంది జడ్జి.

"తరవాత చూద్దాం అమ్మా."

"తరవాత చూస్తే ఎలా? తప్పు వస్తే తిట్టకూడదు, దాచకూడదు, అది ఏం చూసిందో అడగాలని మీరే కదా చెప్పారు."

తిట్టకూడదన్నది నా మాటే. దాచకూడదన్నది అది అక్కడికక్కడ కలిపింది. నేను చెయ్యి తీశాను.

తాతయ్య నేల మీద బోర్లా పడుకుని, అల్లుడి కన్ను ఎత్తునుంచి లోకాన్ని చూశాడు. "మేడం గారి చెయ్యి కనబడింది సార్. ఛైర్మన్ గారి కాలు కనబడలేదు. నిన్న మన కాళ్ళన్నీ కనబడ్డాయి. ఈయన కాళ్ళలో ఏదో ఉంది."

"ఏముంటుంది?" అన్నారు ఛైర్మన్ గారు, కాళ్ళు ఇంకా గాల్లోనే ఉంచి.

జడ్జి ఆయన బూట్లు చూసింది. తన బూట్లు చూసుకుంది. నా బూట్లు, హెడ్‌మిస్ట్రెస్ బూట్లు, గోడ వారన వరసగా నిలబడ్డ పిల్లల బూట్లు చూసింది. దాని మొహం వెలిగింది.

"బాబాయి" అంది.

తాతయ్య లేచి కూర్చున్నాడు. "అవునే. బూట్లన్నీ బాబాయిలే."

"బాబాయి ఎవరు?" అని అడిగారు ఛైర్మన్ గారు నన్ను.

నేను చెప్పాను. నలుపు వెలుగుని తిరిగి ఇవ్వదని, అందుకే అల్లుడికి, అంటే జలమిత్రకి, నల్ల గీత నలుపని తెలుస్తుందని, మా గదిలో బూట్లు విప్పే అలవాటు వల్ల ఇన్నాళ్ళూ అది ఉత్త కాళ్ళనే చూసిందని, నల్ల బూటు దాని కంటికి గాలితో సమానమని. ఆ పేరెందుకు పడిందని అడిగారు. తాతయ్య చెప్పాడు, పుస్తకంతో సహా, గొడుగుతో సహా. హాలు వెనక వరసలో ఎవరో గట్టిగా దగ్గారు.

"సరే. అర్థమైంది" అన్నారు ఛైర్మన్ గారు.

"ఇంకా అవలేదు సార్. ఇప్పటికి ఇది అనుకోవడమే. చేసి చూడాలి" అంది జడ్జి. "మీ బూట్లు విప్పండి."

హెడ్‌మిస్ట్రెస్ మధ్యలోకి వచ్చారు. "నేను విప్పుతానమ్మా. కాలెవరిదైతే ఏముంది?"

"కుదరదు మేడం. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు. మనిషి అదే ఉండాలి, బూటు ఒక్కటే మారాలి. అలా అని సార్ చెప్పారు."

ఛైర్మన్ గారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పారా?"

"చెప్పానండి" అన్నాను. టైర్ల షాపులో వెనక్కి వాలే కుర్చీ మళ్ళీ గుర్తొచ్చింది.

ఆయన వంగి ఎడమ బూటు లేసు విప్పారు. కాలు బయటికొచ్చింది. నల్ల మేజోడు. తాతయ్య గ్లాసు నింపుకొచ్చాడు, అల్లుడు మళ్ళీ బయలుదేరాడు, గీత పట్టుకుని వచ్చి మేజోడుని కుమ్మాడు. ఈసారి జడ్జి సిద్ధంగా ఉండి గ్లాసు పట్టుకుంది.

"మేజోడు కూడా బాబాయే" అంది తీర్పు చెబుతూ. "రెండో కాలు పెట్టండి సార్."

"రెండోది కూడా ఇలాంటిదే" అన్నారాయన, కుడికాలు కుర్చీ కిందికి లాక్కుంటూ.

"చూస్తేగానీ చెప్పలేం సార్."

"ఒక జత అన్నాక రెండూ ఒకలాగే ఉంటాయి కదమ్మా."

"మా అల్లుడికి రెండు మోటార్లు సార్. జత అనే ఇచ్చారు. ఒకటి నెమ్మది."

ఆయనకి ఇంక దారి లేకపోయింది. కుడి లేసు ఎంత మెల్లగా విప్పారో చూస్తుంటే, అది విప్పకుండా ఉండటానికి స్కూలు మొత్తం రాసిచ్చేస్తారేమో అనిపించింది. బూటు ఊడింది. మేజోడు చివర చిరుగు ఉంది. అందులోంచి బొటనవేలు, పచ్చగా, గుండ్రంగా, తల బయటపెట్టి అందరినీ చూసింది.

ఎవరూ నవ్వలేదు. భయం వల్ల.

అల్లుడు మూడోసారి కదిలాడు. వంపు తిరిగాడు. వచ్చాడు, వచ్చాడు, బొటనవేలికి సరిగ్గా జానెడు దూరంలో నిలిచిపోయాడు.

"దయచేయండి. మంచినీళ్ళు పుచ్చుకోండి. మొహమాటపడకండి."

ఛైర్మన్ గారు చాలాసేపు తన బొటనవేలినే చూసుకున్నారు. తరవాత తలెత్తి, మొత్తం హాలుకి సంజాయిషీ చెబుతున్నట్టు అన్నారు. "మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది."

అప్పుడు నవ్వారు జనం. ఆపుకోలేక, ఆపుకోవాల్సిన అవసరం లేదని తెలిశాక. ఆయన నవ్వలేదు. గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగారు, గ్లాసు పళ్ళెంలో పెట్టారు, బూట్లు తొడుక్కున్నారు, తడిసిన బూటు కిచకిచమంటుంటే నడిచి వెళ్ళిపోయారు. గది గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

"ఏమంటారు మేడం?" అని అడిగాను హెడ్‌మిస్ట్రెస్‌ని.

"ఆయన ఏమీ అనలేదంటే ఏదో ఆలోచించుకున్నారని" అన్నారావిడ. "ఏం ఆలోచించుకున్నారో నాకు తెలిస్తే నేనే ఛైర్మన్ని అయ్యేదాన్ని."

మర్నాడు ఆదివారం. బావ భోజనానికి వచ్చి అమ్మకి వీడియో చూపించాడు. బొటనవేలు దగ్గర ఆపి, దగ్గరగా లాగి మరీ చూపించాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరవాత ఏమనుకుందో, "నీళ్ళిచ్చే బండా? దాన్ని నువ్వు నేర్పితే పిల్లలే చేశారా?" అని నన్ను అడిగింది. నా ఉద్యోగం గురించి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది.

బావ ఎటో చూస్తూ, "ఏమోయ్, అలాంటిదొకటి మా షాపుకి చెయ్యగలవా? పానాలూ అవీ మోసుకొచ్చేది. కుర్రాళ్ళు పిలిస్తే పలకరు" అన్నాడు.

జవాబు కూతురు చెప్పింది. "నీ షాపులో టైర్లు నలుపు, నేల నలుపు, మధ్యాహ్నమయ్యేసరికి నువ్వూ నలుపే నాన్నా. అల్లుడికి అసలు అక్కడ షాపు ఉన్నట్టే తెలీదు."

"అల్లుణ్ణి పట్టుకుని అంత మాటా?" అని అమ్మ దాని నెత్తిన మొట్టింది. బావ పెద్దగా నవ్వాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నా భుజం మీద చెయ్యి వేశాడు. "సోఫా లోపలికెళ్తే దిగులుపడకు. కుర్చీ తుడిపించి ఉంచాను."

సోమవారం పొద్దున్నే వెళ్ళి గది సర్దడం మొదలుపెట్టాను. మోటార్లొక డబ్బాలో, వైర్లొక డబ్బాలో. చెప్పించుకుని ఖాళీ చెయ్యడం కంటే ముందే చేస్తే గౌరవంగా ఉంటుందని. అల్లుణ్ణి ఏ డబ్బాలో పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. వరండాలో బరువైన అడుగుల చప్పుడు, "పట్టు, పట్టు, నీ వైపు ఎత్తు" అన్న మాటలు వినబడ్డాయి. సోఫా లేచిందని అర్థమైంది. తలుపు పూర్తిగా తెరిచి, పక్కకి తప్పుకున్నాను.

సోఫా లోపలికి రాలేదు. ఇద్దరు పనివాళ్ళు దాన్ని తిప్పి, మా తలుపు పక్కనే గోడకి ఆనించి, ప్లాస్టిక్ కవరు పర్రున చించేశారు.

"ఇదేమిటి?" అన్నాను.

"ఇక్కడే వెయ్యమన్నారండీ ఛైర్మన్ గారు" అన్నాడొకడు. "దీని పక్కనే బూట్ల స్టాండు కూడా వస్తోంది. పిల్లలు ఒంటికాలి మీద గెంతుతున్నారంట కదా. తల్లిదండ్రులు కూడా ఇక్కడే కూర్చుంటారంట, లోపల ఏం చేస్తున్నారో చూసుకుంటూ."

బెల్లు కొట్టేసరికి ఏడో తరగతి మొత్తం ఆ సోఫా మీద పడింది. ఇన్నాళ్ళ కసి తీరేలా ఎగిరెగిరి కూర్చుని బూట్లు విప్పారు. నేను డబ్బాల్లోంచి మోటార్లు మళ్ళీ బయటికి తీస్తున్నాను. ఇంతలో వరండాలో గోల ఒక్కసారిగా అణిగిపోయింది. తొంగి చూస్తే, ఛైర్మన్ గారు పిల్లల మధ్యలో, తాతయ్యకీ జడ్జికీ నడుమ ఇరుక్కుని, సోఫా మీద కూర్చుని ఉన్నారు. వంగి లేసులు విప్పుకుంటున్నారు, ఈసారి తొందరగానే.

బూట్లు రెండూ తీసి జాగ్రత్తగా పక్కన పెట్టి, కాళ్ళు ముందుకి చాపారు. కొత్త మేజోళ్ళు. మల్లెపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. ఇంకా దుకాణం మడతలు పోలేదు.

"ఇవి కనబడతాయా?" అని అడిగారు.

జడ్జి వాటిని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది.

"పెట్టి చూస్తేగానీ చెప్పలేం సార్" అంది.